టీకా - నష్టము - పరిహారము

హైదరాబాదునుండి నాగార్జునసాగరము పోవు త్రోవలో, పెద్దచెరువు వలన పేరు పొందిన ఊరు ఇబ్రహీంపట్నము. రంగారెడ్డి జిల్లాలోని ఈ పట్టణమున 2022 ఆగస్టు 25వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే దినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స జరిగినది. పొట్టపై రెండు చిన్న రంధ్రములు చేసి, లాపరోస్కోపు అను గొట్టముద్వారా లోపలికి చూచుచు అండవాహికలను మూసివేయు పద్ధతి అది. కొద్ది నిమిషములలో ముగియును. పెద్ద గాయముండదు. అయినను ఐదారు దినములలోనే వారిలో నలుగురు మరణించిరి. తక్కినవారిని పరీక్షించి, అవసరమైనవారిని హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులకు తరలించిరి. శస్త్రచికిత్స సమయమున సోకిన సూక్ష్మజీవులే ఈ మరణములకు కారణమని విచారణలో తేలినది. మృతుల కుటుంబములకు 5 లక్షల రూపాయల చొప్పున ఇచ్చెదమని, ఇల్లు కట్టించి ఇచ్చెదమని ప్రభుత్వము ప్రకటించినది.

ధనము పోయిన ప్రాణమును తేలేదు. అది అందరు ఎరిగినదే. కాని ఇక్కడ గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆ నలుగురి కుటుంబములును తమకు నష్టము కలిగినదని రుజువు చేయుటకై న్యాయస్థానముల చుట్టు తిరుగవలసిన అవసరము లేకుండగనే పరిహారపు మాట వచ్చినది. దీనికి వెనుక కొంత చరిత్ర ఉన్నది. శస్త్రచికిత్సా శిబిరములలో జరుగుచున్న అపచారములపై వచ్చిన ఒక వ్యాజ్యములో సుప్రీం కోర్టు 2005 మార్చి 1న ఉత్తరువు చేయుచు, ఇట్టి మరణములకు, వైకల్యములకు పరిహారము ముందుగనే నిర్ణయింపవలెనని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. తత్ఫలితముగ ఆ సంవత్సరము నవంబరులో ఒక బీమా పథకము ఏర్పడినది. ఆసుపత్రిలోగాని, ఇంటికి వచ్చిన 7 దినములలోగాని మరణించినచో 2 లక్షల రూపాయలు, 8వ దినమునుండి 30వ దినములోపల మరణించినచో 50 వేల రూపాయలు అని అందు వ్రాయబడినది. 2013లో దానికి బీమా కంపెనీల ప్రమేయము లేని క్రొత్త రూపము నిచ్చిరి.

ఎవరి తప్పు, ఎంత తప్పు అను విచారణ వేరుగ సాగును. పరిహారము దానికొరకు ఆగనక్కరలేదు. ప్రభుత్వము తన కార్యక్రమము కొరకు ఆరోగ్యవంతులను పిలిచి శస్త్రచికిత్స చేసినది కనుక, కీడు కలిగినచో ఆ భారము తానే వహించవలెనను న్యాయమిది. ఇదే న్యాయము టీకాలకును వర్తింపవలెను గదా! టీకా వేయించుకొనువాడును రోగి కాడు. ఆరోగ్యముగా ఉన్న పసిబిడ్డను, పాఠశాల విద్యార్థిని పిలిచి ప్రభుత్వము టీకా వేయించుచున్నది. అది ఆ బిడ్డ మేలు కొరకే కాక ఊరందరి మేలు కొరకు కూడ. అయినను 2021 జనవరిలో కోవిడు టీకాల మహాకార్యక్రమము దేశమున మొదలైనప్పుడు, కుటుంబ నియంత్రణకు 16 సంవత్సరముల క్రిందటనే ఏర్పడిన పథకము వంటిది టీకాలకు లేదు. ఇట్లేల జరిగినది?

దీనికి కారణము చట్టములో కంటె విజ్ఞానశాస్త్రములోనే ఎక్కువగా ఉన్నది. శస్త్రచికిత్స చేసిన చోటనే చీము పట్టినచో కారణము కంటికి కనబడును. టీకా సంగతి అట్లు కాదు. ఒక చిన్న లెక్క చూడుడు. ఒక ప్రాంతమున 12,000 మంది బాలబాలికలున్నారనుకొందము. టీకా వేసినను వేయకున్నను జ్వరములు, పాముకాట్లు, ప్రమాదములు మొదలగు వాని వలన ఏటా వేయింటికొకరు చొప్పున మరణింతురని అనుకొందము. అనగా ఏటికి 12 మంది, నెలకు ఒకరు. వారందరికి ఒకే వారములో టీకా వేసినచో, తరువాతి నెలలో ఏ సంబంధము లేకుండగనే ఒక బిడ్డ మరణించుట సహజము. ఆ తల్లికి మాత్రము సూదియే కనబడును. కాకి వాలుటయు, తాటిపండు రాలుటయు ఒకేసారి జరిగినచో కాకియే రాల్చినదనుకొనుటను మన తర్కశాస్త్రజ్ఞులు కాకతాళీయ న్యాయమనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా తరువాతి అనర్థములను వర్గీకరించుచు, కాకతాళీయముగ జరిగినవానిని ప్రత్యేకముగ ఒక వర్గమున చేర్చినది.

కాని లెక్కకు రెండవ వైపు కూడ ఉన్నది. నెలకొక మరణము సహజమైనంత మాత్రమున, జరిగిన ఆ ఒక్క మరణము టీకా వలన కాలేదని రుజువు కాదు. టీకాల వలన నిజముగనే నష్టము కలుగుట అరుదుగానైనను ఉన్నది. పది లక్షల మోతాదులకు సుమారు ఒకరిలో అనాఫిలాక్సిస్ అను తీవ్ర ప్రతిక్రియ నిమిషములలో ఏర్పడవచ్చును. నోటిలో వేయు పోలియో చుక్కలలోనిది బలహీనపరచిన సజీవ వైరసు. అది సుమారు 27 లక్షల మోతాదులకొకసారి తిరిగి బలము పుంజుకొని, చుక్కలు వేసికొన్న బిడ్డకే పక్షవాతము కలిగించును. ఆ చుక్కల వలన లక్షలాది బిడ్డల కాళ్ళు నిలిచినవి. ఆ ఒక్క బిడ్డ కాలు పోయినది. ఇందు వైద్యుని తప్పు లేదు, కంపెనీ తప్పు లేదు, తల్లిదండ్రుల తప్పు అసలే లేదు. తప్పు చేసినవాడు దొరికిననే పరిహారమన్నచో ఆ బిడ్డకు ఎన్నటికిని ఏమియు రాదు.

తప్పు ఎవరిదని వెదకుట ఎంత ప్రమాదకరమో మన దేశమే మొదట చూచినది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున 107 మందికి ప్లేగు టీకాలు వేసిరి. టీకామందు ఐదు సీసాలలో వచ్చినది. ఒక సీసాలోని మందు వేయించుకొన్న 19 మందియు ధనుర్వాతముతో మరణించిరి. తక్కిన నాలుగు సీసాలవారికి ఏమియు కాలేదు. ఆ టీకాను కనిపెట్టిన వాల్డెమార్ హాఫ్‌కిన్ బొంబాయి ప్రయోగశాలకు అధిపతి. విచారణ సంఘము దోషము ప్రయోగశాలదే అని, సీసా విప్పకమునుపే ధనుర్వాత క్రిములు అందు చేరినవని అభిప్రాయపడినది. హాఫ్‌కిన్ పదవి కోల్పోయెను. కాని ఊరిలో సీసా బిరడా తీసిన పట్టకారు అంతకుముందు నేలపై పడినదను సంగతి సాక్ష్యములో ఉన్నది. ధనుర్వాత క్రిముల బీజములు మట్టిలో నివసించునని ఉన్నత పాఠశాల విద్యార్థులును ఎరుగుదురు.

హాఫ్‌కిన్ పక్షమున పోరాడినవారిలో ముఖ్యుడు రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టులో సికిందరాబాదులో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూచిన శాస్త్రజ్ఞుడితడే. రాస్ మొదలగు పదిమంది శాస్త్రజ్ఞులు 1907లో లండను టైమ్స్ పత్రికకు లేఖ వ్రాయగా, ఆ సంవత్సరాంతమున హాఫ్‌కిన్‌పై మోపిన నింద తొలగినది. ఐదేండ్ల వాదములో మాటలన్నియు ప్రయోగశాలకు, పట్టకారుకు నడుమనే తిరిగినవి. ఆ 19 మంది కుటుంబముల సంగతి ఆ వాదములో ఎక్కడను ముఖ్యము కాలేదు.

జర్మనీలో 1930లో ల్యూబెక్ నగరమున క్షయ నిరోధక బి.సి.జి. టీకాలో నిజమైన క్షయ క్రిములు కలిసి 72 మంది శిశువులు మరణించిరి. అక్కడ వైద్యులు జైలుకు పోయిరి. అయితే జర్మనీ చరిత్రలో అంతకంటె విలువైన ఘట్టము 1953లో వచ్చినది. మశూచికపు టీకా ఆ దేశమున నిర్బంధము. అట్టి టీకా వలన నష్టపోయినవాడు సమాజము కొరకు త్యాగము చేసినవాడని, ఎవరి తప్పు లేకున్నను రాజ్యము అతనికి ఋణపడి యున్నదని అక్కడి ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1961లో పశ్చిమ జర్మనీ దానిని చట్టముగ చేసినది. సైనికుడు గాయపడినచో పింఛను ఇచ్చుటకు శత్రువు గుండు ఏ కర్మాగారమున తయారైనదని అడుగము గదా!

అమెరికా ఈ తీరమునకు మరియొక దారిని వచ్చినది. 1955 ఏప్రిలులో జోనాస్ సాల్క్ పోలియో టీకాకు అనుమతి లభించిన కొద్ది దినములకే, కాలిఫోర్నియాలోని కట్టర్ ప్రయోగశాల తయారుచేసిన టీకాలో చావని వైరసు మిగిలిపోయినట్లు బయటపడినది. ఫార్మలిన్‌తో వైరసును చంపుటలో అది ముద్దలుగా ఉన్నచోట మందు లోపలికి చేరలేదు. టీకా వేసికొన్నవారితోపాటు వారినుండి సోకినవారిని కూడ కలుపుకొని సుమారు 200 మందికి పక్షవాతము వచ్చినది, 10 మంది మరణించిరి. వ్యాజ్యము నడచినది. 1958లో జ్యూరీ విచిత్రమైన తీర్పు నిచ్చెను: కంపెనీ అజాగ్రత్త చూపలేదు, అయినను అమ్మిన సరకు మంచిదను హామీ భంగమైనది కనుక పరిహారము చెల్లింపవలసినదే. బిడ్డలకిది న్యాయమే. కాని తరువాతి కాలమున ఇట్టి వ్యాజ్యములు పెరిగి, ముఖ్యముగ కోరింతదగ్గు టీకా విషయమున, పలు కంపెనీలు టీకాల తయారీనే మానుకొనసాగినవి. టీకా లేనిచో కోరింతదగ్గు తిరిగి వచ్చును.

ఈ చిక్కునుండి బయటపడుటకు అమెరికా 1986లో ఒక చట్టము చేసినది. 1988లో అది అమలులోనికి వచ్చినది. ఒక్కొక్క మోతాదులో నివారింపబడు ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్ల చొప్పున పన్ను విధించి నిధి ఏర్పరచిరి. ఏ టీకా తరువాత, ఎంత కాలములోపల, ఏ నష్టము కలిగినచో దానిని టీకా వలననే కలిగినట్లు భావింపవలెనో ఒక పట్టిక వ్రాసిరి. అనాఫిలాక్సిస్ ధనుర్వాత టీకా వేసిన 4 గంటలలో కలిగినచో, పోలియో చుక్కల వలన పక్షవాతము 30 దినములలో కలిగినచో, వేరు కారణమున్నదని ప్రభుత్వమే చూపవలెను. చూపలేనిచో పరిహారమీయవలెను. మరణమునకు రెండున్నర లక్షల డాలర్లు. ఆ నిధినుండి నేటివరకు చెల్లించినది 500 కోట్ల డాలర్లు దాటినది. బ్రిటను 1979లోనే 10,000 పౌనుల చొప్పున ఇచ్చు చట్టము చేసినది. కాని నూటికి ఎనుబది వంతుల వైకల్యమున్నగాని ఇయ్యరాదని నియమము పెట్టినది. డెబ్బదివంతుల వైకల్యము గల బిడ్డకు ఏమియు లేదన్నమాట. తరువాత దానిని అరువదికి తగ్గించిరి.

ఈ పట్టికలో ఉన్న నేర్పు గమనింపదగినది. శాస్త్రము నూటికి నూరుపాళ్ళు తేల్చలేని ప్రశ్నను అది తేల్చుటకు ప్రయత్నింపదు. తేలనప్పుడు సందేహపు లాభము ఎవరికి చెందవలెనను ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పును. ఆ సమాధానము ముందుగ వ్రాసియున్నచో టీకాపై నింద వేయనక్కరలేదు, తల్లిని అబద్ధమాడుచున్నదనియు అననక్కరలేదు.

ఇట్టి ఏర్పాటు లేనిచోట ఏమి జరుగునో తెలుగునేల మీదనే చూడవచ్చును. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరును నిరోధించు హెచ్.పి.వి. టీకా వేయ మొదలిడిరి. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి చేసిన పని ఇది. సుమారు 14,000 మంది బాలికలు టీకా వేసికొనిరి. వీరిలో పలువురు గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలలలో, వసతి గృహములలో ఉండి చదువుకొనువారు. గుజరాతులోని వడోదర జిల్లాలోను ఇట్టి పనియే వేరొక కంపెనీ టీకాతో నడచినది.

రెండు రాష్ట్రములలోను కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్లు బయటపడగా, 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము ఆ పనిని నిలిపివేసినది. విచారణలో తేలిన కారణములివి: ఒక బాలిక క్వారీ గుంటలో మునిగిపోయినది, ఒక బాలికను పాము కరచినది, ఇద్దరు పురుగుల మందు వలన, ఒక బాలిక మలేరియా వలన మరణించిరి. తక్కిన ఇద్దరిలో ఒకరికి తీవ్రజ్వరము, ఒకరికి మెదడులో రక్తస్రావము కారణమై యుండవచ్చుననిరి గాని గట్టిగ తేలలేదు. పైన చెప్పిన 12,000 మంది లెక్క గుర్తున్న పాఠకులకు ఇందు ఆశ్చర్యము కలుగదు. ఈ టీకా తరువాత అనేక దేశములలో కోట్లాది బాలికలకు వేయబడినది. అది వేసినచోట్ల ఆ కాన్సరు తగ్గుచున్నట్లు రుజువైనది.

అయినచో ఖమ్మములో జరిగినదానిలో తప్పు లేదా? ఉన్నది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో అంగీకార పత్రముల సంగతి వివరించినది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 పత్రములపై వ్రేలిముద్రలే ఉన్నవి. 2,763 పత్రములపై వసతి గృహపు వార్డెను గాని, ప్రధానోపాధ్యాయుడు గాని సంతకము చేసిరి. అడవిలోనున్న తల్లిదండ్రులకు తమ బిడ్డకు ఏ మందు వేసిరో తెలియదు. ఉపాధ్యాయులు ఈ అంకెను ఒకటికి రెండుసార్లు చదువవలసియున్నది. దూరమున్న తండ్రికి బదులు సంతకము చేయుట మన పాఠశాలలలో నిత్యము జరుగు పనియే. సెలవు చీటీకి అది చెల్లును. సూదిమందునకు చెల్లదు.

పరిహారము విషయమున ఇక్కడ ఒక మాట పెద్ద చిక్కు తెచ్చినది. ఇది మందును పరీక్షించుట కాదని, అనుమతి పొందిన టీకాను ఎట్లు అందించవచ్చునో చూచు 'ప్రదర్శన కార్యక్రమము' మాత్రమే అని నిర్వాహకుల వాదన. పరీక్ష అన్నచో పరీక్షకు లోనైనవారికి కొన్ని రక్షణలుండును. నిత్యపు టీకా కార్యక్రమమన్నచో ఆ రక్షణలు లేవు. పేరు మారినంతనే హక్కు మారిపోయినది. మందుల పరీక్షలలో నష్టపోయినవారికి పరిహారము తప్పనిసరి చేయుచు 2013 జనవరిలో నియమములు వచ్చినవి. 2019 నియమములలో దానికొక సూత్రమే ఇచ్చిరి: 8 లక్షల రూపాయలను వయస్సును బట్టి ఒక సంఖ్యతోను, రోగి అప్పటి స్థితిని బట్టి ఒక సంఖ్యతోను గుణించి, 99.37తో భాగింపవలెను. గణితోపాధ్యాయులకు నచ్చు సూత్రమే. కాని అది పరీక్ష అని పేరున్నచోట మాత్రమే పనిచేయును.

ఖమ్మము వ్యవహారముపై 2012, 2013 సంవత్సరములలో సుప్రీం కోర్టులో వ్యాజ్యములు వేసిరి. 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనము తీర్పు వెలువడినది. పార్లమెంటరీ సంఘపు నివేదికను న్యాయస్థానము చూడవచ్చునా, చూడరాదా అన్నది ఆ ధర్మాసనము ముందున్న ప్రశ్న. చూడవచ్చును, కాని ఆ నివేదిక తప్పని వాదించుటకు వీలులేదని చెప్పిరి. న్యాయశాస్త్రమున అది ముఖ్యమైన తీర్పే. బాలికల పరిహారము ఆ తీర్పునకు విషయము కాలేదు.

టీకా నిర్దోషియై, దాని చుట్టునున్న ఏర్పాటు దోషియగుట కూడ కలదు. 2019 మార్చిలో హైదరాబాదులోని నాంపల్లిలో పసిబిడ్డలకు పెంటావలెంట్ టీకా వేసి, జ్వరము రాకుండుటకై పారసిటమాల్ మాత్రలకు బదులు పొరపాటున ట్రమడాల్ అను తీవ్రమైన నొప్పి మాత్రలు ఇచ్చిరి. పలువురు శిశువులు ఆసుపత్రి పాలైరి, మరణములును సంభవించినవి. 'టీకా వికటించినది' అని మొదటి దినము ఊరంతట వినబడినది.

కోవిడు టీకాల కాలమునకు వచ్చునప్పటికి హైదరాబాదు నగరము టీకాల తయారీలో ప్రపంచమున పేరెన్నికగన్నది. శామీర్‌పేట ప్రాంతమున జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కంపెనీ కోవాగ్జిన్‌ను తయారుచేసినది. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు, దానికి ఇచ్చిన అనుమతి పరీక్షా పద్ధతిలో వాడుటకు మాత్రమే. అందుచేత దానిని వేసికొనువారినుండి అంగీకార పత్రము తీసికొనిరి. తీవ్రమైన అనర్థము కలిగి, అది టీకా వలననే అని రుజువైనచో కంపెనీ పరిహారము చెల్లించునని ఆ పత్రమున ఉన్నది. 'రుజువైనచో' అను ఆ ఒక్క మాటలోనే భారమంతయు ఉన్నది. అయినను ఒక కాగితము, ఒక వాగ్దానము ఉండినది. మార్చి నెలలో పరీక్షా పద్ధతి అను నియమము తొలగించిరి. దానితో ఆ పత్రమును, అందలి వాక్యమును కూడ పోయినవి.

రెండవ టీకా కోవిషీల్డ్. ఇట్టి టీకా తరువాత అరుదుగా కొందరిలో రక్తఫలకములు తగ్గి, అదే సమయమున రక్తము గడ్డకట్టుచున్నదని 2021లో ఐరోపా వైద్యులు కనుగొనిరి. రక్తఫలకములకు సంబంధించిన ఒక మాంసకృత్తుపై శరీరమే ప్రతిదేహములను తయారుచేయుట దీనికి కారణము. అనగా ఇది కాకతాళీయము కాదు. రక్తపరీక్షలో పట్టుబడు సంగతి. టీకా తరువాత కుమార్తెలను కోల్పోయిన రెండు కుటుంబములు 2021లో సుప్రీం కోర్టుకు పోయినవి. అందులో ఒకటి హైదరాబాదుది. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వము సమాధానము దాఖలు చేసినది. టీకా వేయించుకొనుట ఐచ్ఛికమని, మరణములు విచారకరమే అయినను రాజ్యము బాధ్యత వహింపజాలదని, పరిహారము కోరువారు సివిలు న్యాయస్థానములకు పోవచ్చునని అందు చెప్పినది.

సివిలు న్యాయస్థానమున కుటుంబము చూపవలసినవేమి? ఏ సీసాలోని మందు వేసిరో దాని బ్యాచి సంఖ్య. ఆ సీసా తయారైన చోటునుండి ఊరి ఆరోగ్య కేంద్రము వరకు శీతల పేటికలో ఏ ఉష్ణోగ్రతలో ఉండినదో ఆ వివరము. మరణించిన నాటి రక్తపరీక్ష, శవపరీక్ష నివేదిక. టీకా అనర్థములను విచారించు సంఘము దానిని ఏ వర్గమున చేర్చినదో ఆ కాగితము. ఇవన్నియు ఆరోగ్యశాఖ బీరువాలలోనే ఉండును.